ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా: పిల్లలకు చదవడం, రాయడం నేర్పే పద్ధతి

ఏడో తరగతికి వచ్చాడు, పుస్తకం చేతికిస్తే ఇంకా కూడబలుక్కుంటున్నాడు. బోర్డు మీదది గుండ్రంగా దించేస్తాడు, సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే పెన్ను కదలదు. ఇలాంటి పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల టీచర్లు చాలామంది అడుగుతున్నారు.

పాఠ్యపుస్తకం మొదటి పాఠం నుంచి కాదు. అ ఆ ల నుంచి కూడా కాదు. ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో సరిగ్గా అక్కడి నుంచి, వాడి నోటి మాటతోనే మొదలుపెట్టాలి. ఆ పని ఏ వరుసలో చేయాలో కింద రాస్తున్నాను. తెలుగు టీచర్లకే కాదు, సైన్సు, సోషల్ చెప్పేవాళ్లకూ ఇందులో పని ఉంది.

1. మొదటి వారం: ఎవరు ఎక్కడ ఉన్నారో చూడండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టుకుని చదివించండి. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు చాలు. వరండాలో, మిగతావాళ్లకు వినపడనంత దూరంలో చేయండి. పన్నెండేళ్ల పిల్లవాడు తోటివాళ్ల ముందు తప్పు చదివి నవ్వులపాలైతే, ఆ తర్వాత మీ ముందు నోరు విప్పడు.

ఒకే కాగితం మీద ఈ అయిదూ రాసిపెట్టుకోండి:

- విడి అక్షరాలు: మ, య, ప, వ, న, స, ష, ద, ధ, థ, బ, భ, ళ, ణ
- గుణింతాలున్న మాటలు: మేక, పొలం, కూర, చేప, నాగలి, సైకిలు, కౌలు, కొడవలి
- అదే అక్షరం వత్తుగా వచ్చే మాటలు: అన్నం, చెట్టు, రొయ్యలు, గిత్త, నెల్లూరు
- వేరే అక్షరం వత్తుగా వచ్చే మాటలు: పుస్తకం, సముద్రం, కష్టం, మంత్రి, వ్యవసాయం, రాష్ట్రం
- ఒక చిన్న పేరా

పేరా పాఠ్యపుస్తకంలోది వద్దు. అది కంఠతా వచ్చేసి ఉండొచ్చు. ఇలాంటిది మీరే రాసుకోండి: "సోమవారం సాయంత్రం వాన మొదలైంది. చెరువు కట్ట మీదికి నీళ్లు ఎక్కాయి. వరి నారు మునిగిపోతుందని తాతకు బెంగ. గొడుగు తీసుకుని పొలానికి బయలుదేరాడు. నేను లాంతరు పట్టుకుని వెనకే నడిచాను."

చదివాక మూడు ప్రశ్నలు అడగండి. వాన ఎప్పుడు మొదలైంది? తాత పొలానికి ఎందుకు పోయాడు? వాళ్లు బయలుదేరేసరికి వెలుతురు ఉందా, చీకటి పడిందా, నీకెలా తెలిసింది? మూడోది ముఖ్యం. చీకటి అన్న మాట పేరాలో లేదు. లాంతరు చూసి పట్టుకున్న పిల్ల అర్థం చేసుకుంటూ చదువుతున్నట్టు. గడగడా చదివేసి ఈ ప్రశ్నకు తెల్లమొహం వేసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లకు చదవడం వచ్చేసిందని మనం వదిలేస్తాం.

రాతకు రెండు పనులు పెట్టండి. పది మాటల డిక్టేషన్ ఒకటి. "నిన్న బడి వదిలినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశావో రాయి" అన్నది రెండోది. రెండో కాగితాన్ని దిద్దకుండా దాచండి. సంక్రాంతికీ, ఏడాది చివరా మళ్లీ అదే రాయించి పక్కన పెట్టి చూస్తారు.

ఇక పిల్లలు నాలుగు గ్రూపులుగా తేలతారు: అక్షరాలు, గుణింతాల దగ్గర ఆగినవాళ్లు; వత్తుల దగ్గర తడబడేవాళ్లు; చదవగలిగినా నత్తనడకన, అర్థం పట్టకుండా చదివేవాళ్లు; బాగా చదివి, రాతలో వెనకబడినవాళ్లు. తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి పిల్లలను కూర్చోబెట్టే ఈ పద్ధతిని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా రాష్ట్రాల్లో నడిపింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఆ ఒక్క పీరియడ్‌కు కలపగలిగితే ఇంకా మేలు. గ్రూపులకు ఏ, బీ, సీ, డీ అని పెట్టొద్దు. నదుల పేర్లో, పిట్టల పేర్లో పిల్లలనే పెట్టుకోనివ్వండి.

2. సామాను, సమయం

- పలకలు: ఆరో తరగతికి పలక ఏమిటి అనుకోవద్దు. డిక్టేషన్‌కు పలకే మంచిది. తప్పు తుడిచేస్తే పోతుంది, అందరూ ఒకేసారి పైకెత్తితే ఒక్క చూపులో మీకు తెలిసిపోతుంది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం మనకు దగ్గరే.
- పాత క్యాలెండర్ల వెనక పేజీలు, స్కెచ్ పెన్నులు
- అట్టముక్కల మీద మాటలు రాసిన కార్డులు
- వారానికి రెండు మూడు పాత దినపత్రికలు, పిల్లల పత్రికలు
- బడి లైబ్రరీ పుస్తకాలు. బీరువాలో తాళం వేసి ఉంటే ముందు ఆ తాళం తీయించండి.
- ఒక్కొక్కరికి విడిగా రాత నోటుబుక్కు. ఇందులో సొంత రాత తప్ప నోట్సు రాయకూడదు.

రోజూ ఒక పీరియడ్ దీనికే కేటాయించండి. వారానికి ఒకసారి రెండు గంటలు చేసేకన్నా రోజూ నలభై నిమిషాలు చేస్తే ఎక్కువ నిలబడుతుంది. మొదటి పది నిమిషాలు మీరు ఒక కథో, వార్తో అందరికీ చదివి వినిపించండి. పావుగంట గ్రూపు పని, పది నిమిషాలు రాత. ఆఖరి అయిదు నిమిషాల్లో ఇద్దరు ముగ్గురు తాము రాసింది చదువుతారు.

నలుగురు టీచర్లు లేరు, నాలుగు గ్రూపులు ఎలా అంటారా? రోజుకు రెండు గ్రూపుల దగ్గరే కూర్చోండి. మిగతా రెండూ జంటగా చదవడం, కార్డుల పని చేసుకుంటాయి. వెనకబడిన గ్రూపు దగ్గరికి మాత్రం రోజూ వెళ్లాలి.

3. అక్షరాలు, గుణింతాల దగ్గర ఆగినవాళ్లకు

వీళ్లకు అ నుంచి ఱ దాకా మళ్లీ దిద్దించకండి. అయిదేళ్లుగా దిద్దుతూనే ఉన్నారు. సగం అక్షరాలు వాళ్లకు వచ్చు. రానివి పదో పన్నెండో ఉంటాయి. మొదటి వారం కాగితం చూస్తే అవేవో తెలుస్తాయి. వాటి మీదే పనిచేయండి.

ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే రోజు నేర్పకూడదు. మ, య ఒక జత. ప, ష, స, వ, న ఒక గుంపు. ద, ధ, థ ఇంకొకటి. ముందు ఒకటి బాగా పట్టుబడనివ్వండి. నాలుగైదు రోజులయ్యాక రెండోది చెప్పి, అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లల చేతే చెప్పించండి.

కొన్ని మెలికలు విడమరచి చెప్పాలి. వ కు మామూలుగా కొమ్ము ఇస్తే అది మ అయిపోతుంది. అందుకే వు, పు లలో కొమ్మును కిందుగా తగిలిస్తాం. మొ, యొ లలో ఒత్వం మిగతా అక్షరాల మాదిరి ఉండదు, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము రాసినట్టు ఉంటుంది. ఈ కారణం చెబితే పెద్ద పిల్లలు ఒక్కసారికే గుర్తుపెట్టుకుంటారు. చిన్న తరగతుల వాళ్లకంటే వీళ్లకున్న బలం అదే, కారణం అర్థమవుతుంది.

గుణింతం విషయంలో మనం చేసే పనిని తిరగేయాలి. క, కా, కి, కీ అని వల్లె వేయించడం వల్ల వరుస వస్తుంది, అక్షరం రాదు. విడిగా కీ చూపిస్తే వేళ్లు మడుస్తూ క దగ్గర నుంచి లెక్కపెట్టుకొస్తాడు. దానికి బదులు ఒకే గుర్తును అన్ని అక్షరాలకూ పెట్టి చదివించండి: కీ, గీ, చీ, తీ, నీ, పీ, మీ. మర్నాడు కి, కీ కలిపి, తర్వాత ఎత్వం, ఏత్వం. వరుస మార్చి మార్చి చూపించాలి.

హ్రస్వ దీర్ఘాల తేడాకు అర్థం మారే జతలు వాడండి: మెడ – మేడ, విధి – వీధి, కుడి – కూడి, పడు – పాడు. మీరు పలకండి, వాళ్లు పలక మీద రాసి ఎత్తాలి. తర్వాత వాళ్లలో ఒకరు పలకాలి, మిగతావాళ్లు రాయాలి. తను సాగదీసి పలికితేనే ఎదుటివాడు దీర్ఘం పెడతాడని ఆ వంతు వచ్చినప్పుడు తెలుస్తుంది.

పిల్లల పేర్లు, ఊరి పేర్లు, బస్సు బోర్డులు మంచి పాఠాలు. కావలి, పొదిలి, దర్శి, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు, గిద్దలూరు: ఇందులో గుణింతాలూ ఉన్నాయి, వత్తులూ ఉన్నాయి. ఒకటో తరగతి వాచకం మాత్రం చేతికివ్వకండి. అవమానంగా తీసుకుంటారు.

4. వత్తులు: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

పెద్ద తరగతుల్లో చదవలేకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం వత్తులే. దీనికి తొందరపడకుండా నాలుగైదు వారాలు ఇవ్వండి.

చిక్కు ఎక్కడుందో ముందు మనకు తెలియాలి. "మంత్రి" అన్న మాట చూడండి. గుడి ఉన్నది త మీద. పలికేటప్పుడు ఇ వచ్చేది ర తర్వాత. కన్ను చూసే వరుస వేరు, నోరు పలికే వరుస వేరు. అందుకే పిల్లవాడు "మంతిర" అని చదువుతాడు. అజాగ్రత్తగా కాదు, కనబడ్డ వరుసలో నిజాయతీగా చదువుతున్నాడు. "పద్యం" "పదయం" అవడానికీ, "స్త్రీ" దగ్గర బిగుసుకుపోవడానికీ కారణం ఇదే.

ఈ వరుసలో వెళ్లండి:

మొదట ద్విత్వాలు, అంటే అదే అక్షరం వత్తుగా వచ్చేవి. అక్క, గడ్డి, చెట్టు, అన్నం, బొమ్మ. గడి – గడ్డి, మడి – మడ్డి, చెలి – చెల్లి అని జతలుగా పలికిస్తే వత్తు చెవికి తెలుస్తుంది. చప్పట్లు కొడుతూ విడగొట్టించండి: కొ–బ్బ–రి, ము–గ్గు.

తర్వాత ఆకారం మారని వత్తులు. గ, చ, డ, ద, బ లాంటివి తలకట్టు ఉంటే తీసేసి కింద రాసినట్టే ఉంటాయి. వీటిని పిల్లలు సులువుగా పట్టేస్తారు.

ఆ తర్వాత ఆకారం పూర్తిగా మారిపోయేవి: త, న, మ, య, ర, ల. ఈ ఆరింటినీ పెద్ద చార్టు మీద అసలు అక్షరం పక్కనే వత్తు రాసి గోడకు తగిలించండి. రోజుకొకటి చాలు. య వత్తు రోజున వ్యవసాయం, విద్య, ముఖ్యం. ర వత్తు రోజున చక్రం, సముద్రం, గ్రామం. ఆ రోజంతా సైన్సు పుస్తకంలోనూ, దినపత్రికలోనూ ఆ వత్తున్న మాటల కింద గీత గీయమనండి.

చివరికి వత్తు, గుణింతం కలిసినవి. ఇక్కడ ఒక చిన్న పద్ధతి పనిచేస్తుంది. గుణింతం గుర్తును వేలితో మూయించండి. "మంత్రి"లో గుడి మూసేస్తే "మంత్ర" మిగులుతుంది. అది చదవనివ్వండి. వేలు తీసి, ఆ "త్ర"ను "త్రి" చేయమనండి. "పుస్తకాల్లో", "చంద్రుడు", "శాస్త్రి" అన్నీ ఇలాగే. కొన్నాళ్లకు వేలు అక్కర్లేకుండా కన్నే ఆ పని చేస్తుంది.

రాసేటప్పుడు దీనికి ఎదురు పద్ధతి. "త్రి" రాయాలంటే ముందు త, దాని మీద గుడి, ఆ తర్వాత కింద ర వత్తు. ఈ వరుస బోర్డు మీద నెమ్మదిగా రాసి చూపించండి. వత్తు ముందు రాసేసి గుడి మర్చిపోయేవాళ్లు చాలామంది.

సున్నకూ ఒక రోజు ఇవ్వండి. పంట, పంది, పంపు, గంగ అనిపించి, సున్న ఉన్నచోట గాలి ముక్కులోంచి వస్తోందని ముక్కు మీద వేలు పెట్టి గమనించమనండి. "జరిగిది", "వచ్చిది" అని రాసేవాళ్లు దీంతో సర్దుకుంటారు.

ద–ధ, బ–భ, త–థ లాంటి తేడాలకు ఈ దశలో టెన్షన్ పడొద్దు. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆ తేడా చాలామందికి వినపడదు, కాబట్టి చెవితో నేర్పలేం. భారతదేశం, విద్యార్థి, కథ, ధాన్యం లాంటి మాటలను మొత్తం బొమ్మలాగా చూసి గుర్తుపట్టేలా రోజుకు రెండు గోడ మీద పెట్టండి, చాలు.

5. పిల్లల మాటే పాఠం

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి.

పొద్దున ఒక పిల్లను అడగండి, నిన్న ఏం జరిగిందని. ఒక రొయ్యల రైతు కొడుకు ఇలా చెప్పాడనుకోండి (ఏరియేటర్లంటే రొయ్యల గుంటలో నీళ్లకు గాలి అందించే యంత్రాలు): "రాత్రి కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోయినాయి. మా నాయన గుంటకాడికి ఉరికినాడు. జనరేటర్ వేసిందాకా మాకు నిద్ర లేదు."

ఆ నాలుగు వాక్యాలనూ వాడు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాయండి. "కాడికి"ని "దగ్గరికి" చేయొద్దు, ఇప్పుడే వద్దు. ఆ రోజుకు అదే పాఠం. చదవడం రాని పిల్లకూ అందులో ఏముందో తెలుసు, కాబట్టి ధైర్యంగా చదువుతుంది. అక్షరాల మీదే దృష్టి పెట్టగలుగుతుంది.

ఆ పాఠంతో వరుసగా ఇవి చేయించండి:

- మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత అందరూ, తర్వాత ఒక్కొక్కరు.
- కాగితాల మీద వాక్యాలు రాసి, కత్తిరించి, కలిపేసి, మళ్లీ వరుసలో పెట్టించండి.
- వాక్యాన్ని మాటలుగా కత్తిరించండి. "మా నాయన" బదులు "మా అమ్మ" పెడితే చివర ఏం మారాలో అడగండి. "ఉరికినాడు" "ఉరికింది" అవుతుందని వాళ్లే చెబుతారు.
- వత్తున్న మాటలు ఏరించండి. ఈ పేరాలో రాత్రి, ఏరియేటర్లు, నిద్ర ఉన్నాయి.
- బోర్డు తుడిచి రెండు వాక్యాలు డిక్టేషన్ ఇవ్వండి.
- చివర పిల్లలు తమవి రెండు వాక్యాలు కలిపి రాయాలి.

ఇలా వచ్చిన పేరాలను క్యాలెండర్ కాగితాల మీద రాయించి, బొమ్మలు వేయించి, దారంతో కుట్టి తరగతి పుస్తకం చేయండి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రి, చీమకుర్తి గ్రానైటు లారీలు, రొట్టెల పండుగకు వెళ్లిన రోజు, బర్రె ఈనిన రోజు: ఈ పుస్తకాన్ని పిలకాయలు చదివినన్ని సార్లు ఇంకే పుస్తకాన్నీ చదవరు.

ఇంటి మాటను పుస్తకం మాటలోకి మార్చడం ఎప్పుడు? వాడికి అయిదారు వాక్యాలు జంకు లేకుండా రాయడం వచ్చాక. అప్పుడు గోడ మీద రెండు వరుసల చార్టు పెట్టండి. ఒకవైపు "యాడికి పోతుండావ", పక్కన "ఎక్కడికి వెళ్తున్నావు". ఒకవైపు "తినేసినాను", పక్కన "తినేశాను". పరీక్షకు, దరఖాస్తుకు ఇది, ఇంట్లో మాట్లాడుకోవడానికి, కథలో సంభాషణకు అది అని చెప్పండి. ఎడమవైపుది తప్పని మాత్రం అనొద్దు. అది వాళ్ల అమ్మ మాట. దాన్ని తప్పంటే రాయడమే మానేస్తారు.

6. ధారాళంగా చదివించడం

ఒకరు లేచి చదువుతుంటే నలభై మంది వినే పద్ధతి మానేయండి. ఒక్కో పిల్లకు చదివే వంతు నిమిషం కూడా రాదు.

జంటలుగా చదివించండి. బాగా చదివే పిల్ల, ఒక మెట్టు కింద ఉన్న పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు ఒక పేరా చదువుతారు, రెండోవారు అదే పేరా మళ్లీ చదువుతారు. తప్పు వస్తే వెంటనే అందించకుండా మనసులో అయిదు లెక్కపెట్టి ఆగాలని నేర్పండి.

మాటలను గుంపులుగా విడగొట్టడం చూపించండి. "తాత / గొడుగు తీసుకుని / పొలానికి బయలుదేరాడు" అని పెన్సిల్‌తో గీతలు పెట్టి చదివిస్తే, ఒక్కో మాట దగ్గర ఆగే అలవాటు పోతుంది.

ఒకే పేరాను నాలుగు రోజులు చదివించి, రోజూ నిమిషంలో ఎన్ని మాటలు సరిగ్గా చదివాడో వాడి నోటుబుక్కులో వాడే రాసుకోవాలి. ఈ లెక్క గోడ మీద పెట్టకూడదు. పోటీ నిన్నటి లెక్కతోనే.

7. అర్థం చేసుకుంటూ చదవడం

ఇది తెలుగు పీరియడ్‌తో అయ్యే పని కాదు. సైన్సు, సోషల్ పుస్తకాల్లోనే పిల్లలు ఎక్కువ తడబడతారు. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది కదా, ముందు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకున్నాక ఇంగ్లీషు పేజీలోకి వెళ్లమనండి. విషయం తెలిసిపోతుంది కాబట్టి ఇంగ్లీషు మాటలు ఊహించుకోగలుగుతారు.

చదవకముందు తెలిసింది చెప్పించండి. బాష్పీభవనం పాఠం అయితే, తీరం వైపు పిల్లలను ఉప్పు మడుల్లో నీళ్లు ఏమవుతాయో అడగండి. ఇంట్లో ఆరేసిన బట్టలు అడగండి. అప్పుడు పుస్తకం తెరవాలి.

చదివాక మూడు రకాల ప్రశ్నలు వేయండి: జవాబు పేరాలో కనిపించేది, రెండు వాక్యాలు కలుపుకుంటే తెలిసేది, తన అభిప్రాయం చెప్పాల్సింది. మన పరీక్షల్లో మొదటి రకం ఎక్కువ, అందుకే పిల్లలు ప్రశ్నలోని మాట వెతికి ఆ వాక్యం దించేస్తారు. రెండో రకం రోజుకొకటైనా అడగండి. "నీకు ఎలా తెలిసింది, ఏ వాక్యంలో ఉంది?" అని వేలు పెట్టి చూపించమనడం మర్చిపోవద్దు.

లెక్కల్లో వాక్య రూపంలో ఇచ్చే సమస్యలూ చదవడమే. ముందు లెక్క చేయనివ్వకుండా, సమస్యలో ఏం అడిగారో సొంత మాటల్లో చెప్పించండి.

8. సొంతంగా రాయించడం

చూచిరాత దస్తూరికి పనికొస్తుంది, రాతకు కాదు. ఈ మెట్లు ఎక్కించండి:

- చెప్పడం: జంటలో ఒకరికొకరు రెండు నిమిషాలు చెప్పుకోవాలి. నోటితో చెప్పలేనిది చేత్తో రాయలేరు.
- మాటల జాబితా: గుర్తొచ్చినవి ఏడెనిమిది మాటలు, ఏ వరుసలోనైనా.
- మొదటి రాత: తప్పుల గురించి ఆలోచించకుండా పది నిమిషాలు. రాని మాటను వినిపించినట్టు రాసి కింద గీత పెట్టమనండి.
- చదివి వినిపించడం: పక్కవాళ్లు ఒక ప్రశ్న అడగాలి. "అప్పుడు మీ నాయన ఏమన్నాడు?" ఆ జవాబు కొత్త వాక్యం అవుతుంది.
- దిద్దుకోవడం, సాపు రాయడం: అన్నింటికీ అక్కర్లేదు. నెలలో ఒకటి రెండు, తరగతి పుస్తకంలోకి వెళ్లేవి చాలు.

దిద్దడం గురించి వివరంగా చెప్పాలి. ఒక పిల్ల ఇలా రాసిందనుకోండి:

"మా ఉరిలో తిరనాల జరిగిది. నేను మా చెలి పొయాము. రంగులరాటం ఎకాము. మా నాయన జిలేబి కొనిచాడు. బాగ ఉంది."

ఎర్ర పెన్నుతో ఎనిమిది చోట్ల కొట్టేస్తే ఆ పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, తనకు రాయడం రాదని. ముందు తప్పులను రకాలుగా చూడండి. చెల్లి, రాట్నం, ఎక్కాము, కొనిచ్చాడు: నాలుగూ వత్తులే. ఊరు, పోయాము, బాగా: దీర్ఘాలు. జరిగింది: సున్న. వత్తులు ఎక్కువ కాబట్టి ఈ వారం వత్తులే. ఆ నాలుగు మాటల కింద చుక్క పెట్టి, గట్టిగా పలుకుతూ తనే దిద్దుకోమనండి. మిగతావి వచ్చే వారం.

రాతలోని విషయానికి కూడా ఒక మాట రాయండి. "రంగులరాట్నం పైకి వెళ్లినప్పుడు ఏం కనిపించింది?" అని అంచున రాస్తే, మర్నాడు మూడు వాక్యాలు ఎక్కువ వస్తాయి. "గుడ్" అని రాసి వదిలేస్తే ఏమీ రాదు.

ఏం రాయించాలి? నా పెద్దక్క, నా ఆశయం లాంటి వ్యాసాల కన్నా, ఎవరో ఒకరు నిజంగా చదివే రాత పెట్టండి:

- వీధి కుళాయి గురించి పంచాయతీకి దరఖాస్తు, నిజంగా ఇచ్చి రావాలి
- పనికోసం వేరే ఊరు వెళ్లిన అమ్మానాన్నలకు ఉత్తరం
- చేపల పులుసు చేసే విధానం, ఇంట్లో అడిగి
- ఊళ్లో ఒక పనిమంతుడిని, వడ్రంగినో, వల అల్లేవారినో, గొర్రెల కాపరినో, అయిదు ప్రశ్నలు అడిగి రాయడం
- మధ్యాహ్న భోజనం రోజువారీ బోర్డు, వంతులవారీగా
- బ్యాంకు, పోస్టాఫీసు ఫారాలు నింపడం

9. ఇరుక్కునే చోట్లు, బయటపడే దారులు

పిల్లవాడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు ("పొలం"ను "పొయ్యి"): చివరి అక్షరం నుంచి వెనక్కి వేలు జరుపుతూ చూపించమనండి. ఊహ తప్పు అని కాదు, సరిచూసుకోవడం అలవాటవ్వాలి.

బాగా చదువుతుంది, తరగతిలో గొంతు పెగలదు: జంటలో, తర్వాత నలుగురిలో, తర్వాత తరగతిలో. చిన్న తరగతి పిల్లలకు కథ చదివి వినిపించే పని అప్పగించండి. జంకు చాలామటుకు దీంతోనే పోతుంది.

రాత చాలా నెమ్మది: పెన్ను పట్టు చూడండి, మరీ బిగించి పట్టుకుంటారు. రోజూ అయిదు నిమిషాలు తెలిసిన వాక్యాలు వేగంగా రాయించండి.

బాగా చదివేవాళ్లకు విసుగు: వాళ్లను అస్తమానం సహాయకులుగా వాడుకోవద్దు. వాళ్ల చదువు కూడా సాగాలి. లైబ్రరీ పుస్తకం చదివి, నచ్చిందో లేదో కారణంతో ఒక పేజీ రాయించండి.

నెలల తరబడి రాని పిల్లలు: పశ్చిమ మండలాల నుంచి మిరపకోతలకు, ఇటుక బట్టీలకు కుటుంబాలు వెళ్లిపోతాయి. తిరిగొచ్చిన పిల్లను ఆగిపోయిన గ్రూపులోనే కూర్చోబెట్టి, మొదటి వారం కాగితంతో మళ్లీ చూడండి. వెళ్లేముందే తెలిస్తే తరగతి పుస్తకం ఒకటి, ఖాళీ నోటుబుక్కు ఒకటి ఇచ్చి, అక్కడ చూసింది రోజుకు రెండు వాక్యాలు రాయమనండి.

ఇంట్లో చదువు రాని తల్లిదండ్రులు: వాళ్లు నేర్పక్కర్లేదు, వినాలి. "రాత్రి అన్నం తిన్నాక మీ పాపను ఒక పేజీ చదివి చెప్పమనండమ్మా, కథ ఏందో అడగండి" అని చెప్పండి. సంతోషంగా చేస్తారు.

10. నెలకోసారి సరిచూసుకోవాల్సినవి

- మొదటి వారం కాగితం లాంటిదే, కొత్త మాటలతో, మళ్లీ చదివించానా?
- ముందుకు వచ్చిన పిల్లలను వెంటనే పై గ్రూపుకు మార్చానా? నెలాఖరు దాకా ఆపొద్దు.
- ప్రతి పిల్ల నోటుబుక్కులో ఈ నెల సొంత రాత కనీసం నాలుగు ఉన్నాయా?
- వెనకబడిన గ్రూపు దగ్గర రోజూ కూర్చున్నానా?
- ఈ నెల లైబ్రరీ పుస్తకం ఇంటికి తీసుకెళ్లని పిల్లలెవరు?

రెండు నెలలు రోజూ చేయించినా కదలిక లేని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. గ్రూపు మార్చకముందు కన్ను, చెవి చూపించండి. బోర్డు దగ్గరికి వచ్చి చూసే పిల్ల, పిలిస్తే పలకని పిల్ల మన దృష్టిలో ఉండాలి. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి ఆ పేర్లు ముందే రాసివ్వండి. రెండూ బాగుండి, నోటితో చక్కగా చెబుతూ, అక్షరం మాత్రం పట్టుబడకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ప్రత్యేక టీచరుతో మాట్లాడండి. వెళ్లేటప్పుడు మొదటి వారం కాగితం, రెండు నెలల రాత నోటుబుక్కు తీసుకెళ్లండి. పిల్ల ఎక్కడ ఆగిందో చెప్పడానికి మీ మాటకన్నా ఆ రెండూ ఎక్కువ పనికొస్తాయి.